ఆండ్రూ పెర్న్: కేంబ్రిడ్జ్‌ను ఐదుసార్లు నడిపిన వైస్ ఛాన్సలర్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఇరవై ఏళ్లకు పైగా ఒక యూనివర్సిటీ ఆఫీసులో ఫైళ్ల మధ్య గడిపాను. ప్రభుత్వం మారగానే వీసీ గది బయట నేమ్ బోర్డు మారడం చూశాను. నిన్నటిదాకా ఒకలా నోట్ రాసిన చెయ్యే ఇవాళ ఇంకోలా రాయడం చూశాను. ఒకటి రెండుసార్లు ఆ చెయ్యి నాదే. అందుకే 16వ శతాబ్దపు కేంబ్రిడ్జ్‌లో పనిచేసిన ఆండ్రూ పెర్న్ కథ చదివాక దాన్ని వదిలిపెట్టలేకపోయాను. ఆయన గురించి చెప్పినప్పుడల్లా స్నేహితులు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. వాటికి నాకు తెలిసిన జవాబులు ఇవి.

అసలు ఎవరీ పెర్న్?

ఇంగ్లాండ్‌లో నార్ఫోక్ ప్రాంతంలోని ఈస్ట్ బిల్నీ అనే చిన్న ఊళ్లో 1519 ప్రాంతంలో పుట్టాడు. కేంబ్రిడ్జ్‌లోని సెయింట్ జాన్స్ కాలేజీలో చదివి 1539లో బీఏ పూర్తి చేశాడు. మరుసటి ఏడాది క్వీన్స్ కాలేజీలో ఫెలో, అంటే కాలేజీ అధ్యాపక సభ్యుడు, అయ్యాడు. 1552లో డాక్టర్ ఆఫ్ డివినిటీ పట్టా వచ్చింది. 1554లో కేంబ్రిడ్జ్‌లోకెల్లా పాత కాలేజీ అయిన పీటర్‌హౌస్‌కు మాస్టర్, అంటే కాలేజీ పెద్ద, అయ్యాడు. 1589లో కన్నుమూసేదాకా, అంటే 35 ఏళ్లు, ఆ కుర్చీ ఆయనదే. 1557 నుంచి దగ్గర్లోని ఈలీ కెథీడ్రల్‌కు డీన్, అంటే దాన్ని నడిపే మతాధికారి, కూడా. వీటన్నిటి మధ్య ఐదుసార్లు యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్‌గా ఎన్నికయ్యాడు: 1551, 1556, 1559, 1574, 1580.

ఆ సంవత్సరాలను ఒకసారి మళ్లీ చూడండి. మొదటిది ప్రొటెస్టెంట్ రాజు ఆరో ఎడ్వర్డ్ కాలం. రెండోది కాథలిక్ రాణి మేరీ కాలం. మిగతా మూడూ మళ్లీ ప్రొటెస్టెంట్ రాణి ఎలిజబెత్ కాలం. ఆయన మీద వచ్చిన తిట్లన్నీ, నేను ఆయన పక్షాన చెప్పాలనుకునేదంతా ఆ మూడు పాలనల మధ్యే ఉంది.

అప్పటి వైస్ ఛాన్సలర్ అంటే ఇప్పటి వీసీ లాంటి ఉద్యోగమేనా?

పేరు ఒకటే, పని వేరు. ఛాన్సలర్ లండన్‌లో ఉండే పెద్ద మంత్రి. 1559 నుంచి 1598 దాకా ఆ పదవిలో ఉన్న విలియం సెసిల్, అంటే లార్డ్ బర్లీ, ఎలిజబెత్ రాణికి కుడిభుజం. కేంబ్రిడ్జ్‌లో రోజువారీ పని చూడాల్సింది వైస్ ఛాన్సలర్. ఏటా నవంబర్ మొదట్లో ఎన్నిక, పదవి ఏడాది. ఎక్కువగా కాలేజీ మాస్టర్లలో ఒకరు ఆ ఏడాదికి ఈ బరువు ఎత్తుకునేవారు. సొంత కాలేజీ పని ఎలాగూ ఉండనే ఉంటుంది.

యూనివర్సిటీకి సొంత కోర్టు ఉండేది, అందులో న్యాయమూర్తి వైస్ ఛాన్సలర్. విద్యార్థి మీద ఫిర్యాదు వచ్చినా, విద్యార్థికి అప్పిచ్చిన దుకాణదారు గొడవ పెట్టినా ఆయన ముందుకే వచ్చేది. ఊళ్లో రొట్టె బరువు, బీరు నాణ్యత, తూనికలు, కొలతలు కూడా యూనివర్సిటీయే చూసుకునేది. యూనివర్సిటీకి రొట్టెతో ఏం పని అనిపిస్తుంది. దీని వెనక 1381 నాటి రైతుల తిరుగుబాటు ఉంది. అప్పుడు ఊరి జనం యూనివర్సిటీ పత్రాలన్నీ తెచ్చి సంతలో కుప్పపోసి తగలబెట్టారు. మార్జరీ స్టార్ అనే ముసలావిడ ఆ బూడిదను గాల్లోకి ఎగరేస్తూ, పండితుల చదువు పోతే పోనీ అని కేకలు పెట్టిందట. తిరుగుబాటు అణిగాక రాజు ఊరికి శిక్షగా, రొట్టె బీరు లెక్కల పెత్తనం తీసి యూనివర్సిటీ చేతిలో పెట్టాడు. 200 ఏళ్ల తర్వాత, పెర్న్ నాటికి కూడా ఊరికి ఆ మంట చల్లారలేదు. కొత్త మేయర్ పదవిలోకి వచ్చినప్పుడల్లా యూనివర్సిటీ హక్కులను కాపాడతానని ప్రమాణం చేయాల్సి వచ్చేది. ప్రతి ఏడాదీ అదో టెన్షన్.

సాయానికి క్రమశిక్షణ చూసే ఇద్దరు ప్రాక్టర్లు, వెండి దండాలు పట్టుకుని ముందు నడిచే బీడెల్‌లు, 1506 నుంచి రికార్డులు రాసే రిజిస్ట్రరీ, యూనివర్సిటీ తరఫున లాటిన్‌లో ఉత్తరాలు రాసి ప్రసంగాలు చేసే పబ్లిక్ ఆరేటర్ ఉండేవారు. ఇంకా కొద్దిమంది, అంతే సిబ్బంది. మిగిలినదంతా వైస్ ఛాన్సలర్ తన చేత్తో రాసుకోవాల్సిందే.

ఎలాంటి ఉత్తర్వులు ఇచ్చేవారో ఒక్కటి చెబుతాను. 1571లో వైస్ ఛాన్సలర్ జాన్ విట్‌గిఫ్ట్ విద్యార్థులెవరూ కేంబ్రిడ్జ్ జిల్లాలో ఏ నదిలోనూ, చెరువులోనూ ఈతకు దిగరాదని ఆదేశించాడు. మొదటిసారి దొరికితే అందరి ముందూ బెత్తం దెబ్బలు, రెండోసారి దొరికితే యూనివర్సిటీ నుంచి బహిష్కారం. పిల్లలు నీళ్లలో మునిగిపోతారన్న భయం ఆ కఠినమైన మాటల వెనక కనబడుతుంది.

ఆ కాలంలో యూనివర్సిటీ నడపడం అంత ప్రమాదమా?

ఛాన్సలర్ల జాబితా చూస్తే చాలు. జాన్ ఫిషర్: 1535లో తల నరికారు. ఆయన తర్వాత థామస్ క్రామ్‌వెల్: 1540లో తల నరికారు. స్టీఫెన్ గార్డినర్: ఎడ్వర్డ్ కాలంలో జైలు. డ్యూక్ ఆఫ్ సోమర్సెట్: 1552లో తల నరికారు. డ్యూక్ ఆఫ్ నార్తంబర్‌లాండ్: 1553లో తల నరికారు. అంటే 18 ఏళ్లలో నలుగురు ఛాన్సలర్ల తలలు తెగిపడ్డాయి. పెర్న్ విద్యార్థిగా అడుగుపెట్టినప్పటి నుంచి కాలేజీ మాస్టర్ అయ్యేదాకా తనకు పైన ఉన్నవాళ్ల గతి అది.

ఎనిమిదో హెన్రీ పోప్‌తో తెగతెంపులు చేసుకున్నాడు, మఠాలు మూయించాడు. 1547లో ఆయన పోయాక కొడుకు ఎడ్వర్డ్ పూర్తిగా ప్రొటెస్టెంట్ వైపు నడిచాడు. 1553లో మేరీ వచ్చి దేశాన్ని మళ్లీ పోప్ కిందకు తెచ్చింది. 1558లో ఎలిజబెత్ వచ్చి మళ్లీ తిప్పింది. పన్నెండేళ్లలోపు దేశపు మతం మూడుసార్లు తిరిగింది. తిరిగినప్పుడల్లా లండన్ నుంచి కమిషనర్లు దిగి, ఏ కాలేజీలో ఎవరు ఏం నమ్ముతున్నారో కూర్చోబెట్టి అడిగేవారు. నచ్చని జవాబు చెప్పిన మాస్టర్ పదవి పోయేది.

పెర్న్ ఎన్నిసార్లు కండువా మార్చాడు?

1547 ఏప్రిల్‌లో లండన్‌లోని ఒక చర్చిలో క్రీస్తు చిత్రాలను పూజించవచ్చని ప్రసంగించాడు. జూన్‌లో అదే చర్చిలో ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. 1549లో కేంబ్రిడ్జ్‌లో జరిగిన వాదనల్లో రొట్టె, ద్రాక్షారసం నిజంగానే క్రీస్తు శరీరంగా, రక్తంగా మారతాయన్న కాథలిక్ సిద్ధాంతాన్ని ఎదిరించాడు. 1553లో మేరీ రాజ్యం మొదలయ్యాక కూడా మతసభలో అదే వైపు మాట్లాడాడు. ఇది చాలామంది మర్చిపోయే విషయం: గాలి మారిన మొదటి నెలల్లో ఆయన పాత మాట మీదే నిలబడ్డాడు. మరుసటి ఏడాది మాత్రం కాథలిక్ సూత్రాల కింద సంతకం పెట్టాడు. ఆ 1554లోనే పీటర్‌హౌస్ మాస్టర్ అయ్యాడు. ఎలిజబెత్ వచ్చాక మళ్లీ ప్రొటెస్టెంట్ సూత్రాల కింద సంతకం.

మన రాజకీయాల్లో దీన్ని ఫిరాయింపు అంటాం. ఆయన కాలంవాళ్లు కూడా అదే అర్థం వచ్చే మాటతో పిలిచారు.

చనిపోయినవాళ్లను తవ్వి తీసి తగలబెట్టిన సంగతి నిజమేనా? అందులో పెర్న్ పాత్ర ఏమిటి?

నిజం. పెర్న్ జీవితంలో నన్ను బాగా కలవరపెట్టే ఘట్టం ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మార్టిన్ బ్యూసర్ జర్మన్ మాట్లాడే ప్రాంతం నుంచి వచ్చిన గొప్ప ప్రొటెస్టెంట్ పండితుడు. ఎడ్వర్డ్ కాలంలో ఇంగ్లాండ్‌లో తలదాచుకుని కేంబ్రిడ్జ్‌లో దైవశాస్త్ర ప్రొఫెసర్ అయ్యాడు. 1551 ఫిబ్రవరి 28న పోయాడు. అంత్యక్రియలకు యూనివర్సిటీ మొత్తం కదిలింది. గ్రేట్ సెయింట్ మేరీస్ చర్చిలో పూడ్చారు. ఆయన స్నేహితుడు, హీబ్రూ పండితుడు పాల్ ఫేగియస్ అంతకుముందే, 1549లో, పోయి సెయింట్ మైకేల్స్ చర్చిలో సమాధి అయ్యాడు.

1557 జనవరిలో మేరీ రాణి మనుషులు కేంబ్రిడ్జ్ వచ్చారు. అప్పుడు వైస్ ఛాన్సలర్ పెర్న్. ఆ ఇద్దరి శవాల మీద విచారణ మొదలైంది. సమాధుల్లో ఉన్నవాళ్లకు సమన్లు పంపారు. జవాబు రాకపోతే మళ్లీ పంపారు. చివరకు ఇద్దరూ మతభ్రష్టులని తీర్పు చెప్పారు. ఆ తీర్పు సభలో పెర్న్ ప్రసంగించాడు. ఎంచుకున్న వాక్యం కీర్తనల గ్రంథంలోది: "సహోదరులు ఐక్యత కలిగి నివసించుట ఎంత మేలు! ఎంత మనోహరము!" ఆ వాక్యంతో మొదలుపెట్టి బ్యూసర్‌ను తిట్టాడు.

ఫిబ్రవరి 6న శవపేటికలను సంత జరిగే మార్కెట్ హిల్‌కు తెచ్చి నిలువుగా పెట్టి, గుంజకు ఇనుప గొలుసుతో కట్టారు. చుట్టూ కట్టెలు పేర్చి, నిషేధించిన పుస్తకాలు కూడా మంటలో వేశారు. ఆ రోజు సంత. కూరగాయలు, ధాన్యం అమ్ముకోవడానికి పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఆగి చూశారు. వాళ్లలో కొందరు, చచ్చినవాళ్లను గొలుసులతో ఎందుకు కట్టారు, పారిపోతారనా అని నవ్వుకున్నారని ఆ కాలపు ప్రొటెస్టెంట్ చరిత్రకారుడు జాన్ ఫాక్స్ రాశాడు. చదువుకున్నవాళ్లు ఎవరూ అనలేకపోయిన మాట ఆ పల్లెటూరివాళ్లు అనేశారు.

మూడున్నరేళ్లు తిరక్కుండానే, 1560 జూలైలో, అదే యూనివర్సిటీ సెనేట్ బ్యూసర్, ఫేగియస్‌ల గౌరవాన్ని తిరిగి ఇస్తూ తీర్మానం చేసింది. అప్పుడూ వైస్ ఛాన్సలర్ పెర్నే.

అయితే ఆయనకు మనస్సాక్షి అంటూ లేదా?

ఉంది, దానికి ఆధారం ఆయన మీద ఏమాత్రం అభిమానం లేని ఫాక్స్ రాతల్లోనే దొరుకుతుంది. ఆ ప్రసంగానికి కాస్త ముందో, ఆ వెంటనేనో, పెర్న్ తన ఇంట్లో గుండెలు బాదుకుంటూ, దాదాపు ఏడుస్తూ, తన ఆత్మ ఇప్పుడే ఈ ఒంటిని విడిచి బ్యూసర్ ఆత్మను చేరుకుంటే బాగుండునన్నాడట.

ఈ వాక్యం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంట్లో ఏడ్చి, సభలో తిట్టిన మనిషిని ఏమనాలి? పిరికివాడు అనొచ్చు. నేను కూడా అంటాను. ఆ ప్రసంగాన్ని సమర్థించే మాట నా దగ్గర లేదు. కానీ ఆ పిరికితనంతో నిలబెట్టుకున్న కుర్చీలో కూర్చుని ఆయన తర్వాత ఏం చేశాడన్నది కూడా లెక్కలోకి రావాలి. అందుకే మిగతా జవాబులు రాస్తున్నాను.

ఆయన పేరుతో ఒక క్రియాపదం పుట్టిందట, నిజమా?

అవును. కేంబ్రిడ్జ్ కుర్రకారు లాటిన్‌లో 'పెర్నారే' అనే మాట పుట్టించారు. తిరగడం, మాట మార్చడం అని దాని అర్థం. పాత కోటును లోపలివైపు పైకి తిప్పి కుట్టించుకుంటే దాన్ని 'పెర్న్ చేసిన కోటు' అనేవారు. కేంబ్రిడ్జ్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి శిఖరం మీద గాలి ఎటు వీస్తుందో చూపించే రేకులో ఏ, పి అని రెండు ఇంగ్లిష్ అక్షరాలు కోసి ఉన్నాయి. అవి ఆండ్రూ పెర్న్ పేరులోని అక్షరాలేనని, గాలిని బట్టి 'ఎ పేపిస్ట్' అనో, 'ఎ ప్రొటెస్టెంట్' అనో, 'ఎ ప్యూరిటన్' అనో చదువుకోవచ్చని చెప్పుకునేవారు. పేపిస్ట్ అంటే పోప్ పక్షంవాడు, ప్యూరిటన్ అంటే చర్చిలో కాథలిక్ ఛాయలేవీ మిగలకూడదనే కరడుగట్టిన ప్రొటెస్టెంట్.

ఎలిజబెత్ రాణి కేంబ్రిడ్జ్ వచ్చినప్పుడు ఏం జరిగింది?

1564 ఆగస్టులో రాణి ఐదు రోజులు కేంబ్రిడ్జ్‌లో ఉంది. ఆదివారం ఉదయం కింగ్స్ కాలేజీ చాపెల్‌లో లాటిన్ ప్రసంగం పెర్న్‌కు అప్పగించారు. రాణి ముందు టోపీ తీసి, వట్టి తలతో మాట్లాడుతున్నాడు. సగంలో రాణి తన బంధువు లార్డ్ హన్స్‌డన్‌ను పంపి, టోపీ పెట్టుకోమని చెప్పించింది. ప్రసంగం అయ్యేదాకా టోపీతోనే మాట్లాడాడు. లాటిన్‌లో తాను విన్న మొదటి ప్రసంగం ఇదేనని, ఇంతకన్నా మంచిది వింటానని అనుకోవడం లేదని రాణి మెచ్చుకుంది.

ఆ మెప్పు వారం కూడా నిలవలేదు. రాణి సమక్షంలోనే జరిగిన ఇంకో వాదనలో, తప్పు చేసినవాళ్లను మతం నుంచి వెలివేసే అధికారం చర్చికి ఉందని పెర్న్ గట్టిగా వాదించాడు. ఆ మాట రాణికి రుచించలేదు. రాజాస్థానంలో ప్రసంగించేవాళ్ల జాబితా నుంచి ఆయన పేరు కొట్టేశారు. ఎప్పుడూ గాలివాటంగానే పోయాడన్న పేరున్న మనిషి రాణి కళ్ల ముందే ఆమెకు గిట్టని మాట అన్నాడు. ఆయన్ని తూకం వేసేటప్పుడు ఇది కూడా తక్కెడలో వేయాలి.

పరిపాలకుడిగా ఆయన చేసిన మంచి పని ఒకటి చెప్పమంటే?

1574 నాటి ప్లేగు.

ఆ ఏడాది కేంబ్రిడ్జ్‌లో ప్లేగు పాకింది. విద్యార్థులు ఊళ్లకు వెళ్లిపోయారు. నవంబర్‌లో పెర్న్ నాలుగోసారి వైస్ ఛాన్సలర్ అయ్యాడు. ఆ నెల 21న బర్లీకి ఒక ఉత్తరం రాశాడు. చనిపోయినవాళ్ల లెక్క, ఊరి పటం కూడా జతచేసి పంపాడు. మొదట, ఆ కాలపు మతపెద్ద రాయాల్సిన వాక్యం రాశాడు: ప్రధాన కారణం మన పాపాలే. ఆ తర్వాత రాసింది చూడండి. వైద్యులు చెబుతున్నట్టు ఇది గాలి చెడిపోవడం వల్ల రాలేదు. లండన్ నుంచి మిడ్‌సమ్మర్ సంతకు వచ్చి, ఊరి అంచునున్న బార్న్‌వెల్‌లో ప్లేగుతో చనిపోయిన ఒక మనిషి బట్టల ద్వారా కొంత వచ్చింది. జబ్బు ఎక్కువగా ఉన్నది బార్న్‌వెల్‌లోనే. రెండో కారణం, తన ఊహ ప్రకారం, ఊరి చుట్టూ ఉన్న కింగ్స్ డిచ్ అనే కందకం కుళ్లిపోవడం. జబ్బు ఎక్కువున్న చోట్లు ఆ కందకం వెంబడే ఉన్నాయి.

ఎక్కడ ఎంతమంది పోయారో లెక్క తీసి, పటం పక్కన పెట్టుకుని, మొదటి రోగి ఎక్కడి నుంచి వచ్చాడో అడిగి తెలుసుకున్నాడు. సూక్ష్మజీవుల పేరైనా ఎవరికీ తెలియని రోజులవి. కరోనా కాలంలో మన కలెక్టరేట్‌లలో కేసుల మ్యాపులు గోడకు అంటించుకుని కూర్చున్నవాళ్లను చూసినప్పుడు నాకు ఈ ఉత్తరమే గుర్తొచ్చింది.

అదే ఉత్తరంలో పరిష్కారం కూడా రాశాడు. ట్రంపింగ్టన్ దగ్గరి వాగు నుంచి మంచినీటిని మళ్లించి ఈ కందకంలోకి వదిలితే కుళ్లంతా కొట్టుకుపోతుందన్నాడు. డబ్బు కుదరలేదో, ఊరికీ యూనివర్సిటీకీ పడలేదో, పని ఆయన బతికుండగా జరగలేదు. 1610లో ఊరూ యూనివర్సిటీ కలిసి ఆ కాలువ తవ్వించాయి. దానికి డబ్బిచ్చి ఆదుకున్న సరుకు రవాణా వ్యాపారి థామస్ హాబ్సన్ పేరు మీద ఇప్పటికీ హాబ్సన్స్ కండ్యూట్ అంటారు. గుర్రాలు అద్దెకిచ్చేటప్పుడు గుమ్మం దగ్గరున్న గుర్రం తీసుకుంటే తీసుకో, లేకపోతే లేదు అనేవాడు కాబట్టి 'హాబ్సన్స్ ఛాయిస్' అనే మాట పుట్టింది. ఊహ పెర్న్‌ది, పేరు హాబ్సన్‌ది. ఆఫీసుల్లో నోట్ రాసిన గుమస్తాకు ఇది కొత్త కాదు.

1570 నాటి కొత్త నిబంధనల్లో ఆయన పాత్ర ఉందా?

ఉంది. విట్‌గిఫ్ట్‌తో కలిసి వాటిని తయారుచేసినవాళ్లలో పెర్న్ ఒకడు. వాటి సారం: అధికారం కాలేజీ మాస్టర్ల చేతిలోకి వచ్చింది. వైస్ ఛాన్సలర్ పదవికి మాస్టర్లు ఇద్దరి పేర్లు చెబుతారు, మిగతా అధ్యాపకులు ఆ ఇద్దరిలో ఒకరిని ఎన్నుకోవాలి. అంతకుముందు కుర్ర అధ్యాపకులకు చాలా ఎక్కువ స్వేచ్ఛ ఉండేది. 1572లో వందమందికి పైగా దీనికి వ్యతిరేకంగా సంతకాలు పెట్టారు. ఫలితం లేదు. ఆ నిబంధనలతోనే కేంబ్రిడ్జ్ 19వ శతాబ్దం దాకా నడిచింది. ఈ ఒక్క విషయంలో నా మనసు ఆ కుర్రవాళ్ల వైపే ఉంది.

పుస్తకాల పిచ్చి ఉండేదట?

పిచ్చి అనే మాట సరిపోతుంది. చనిపోయేనాటికి ఆయన దగ్గర 3,000 దాకా పుస్తకాలున్నాయి. అప్పటి ఇంగ్లాండ్‌లో ఒక మనిషి సొంతంగా కూడబెట్టిన అతి పెద్ద గ్రంథాలయాల్లో అదొకటి. అచ్చు యంత్రం వచ్చి వందేళ్లు దాటిందంతే. పుస్తకం ఖరీదైన వస్తువు. అందులోనూ ఆ పుస్తకాల్లో కాథలిక్‌లు రాసినవి, ప్రొటెస్టెంట్‌లు రాసినవి పక్కపక్కనే ఉండేవి. ఒక రాజు నిషేధించిన రచయిత, ఇంకో రాణి నిషేధించిన రచయిత ఒకే అరలో కూర్చున్నారు.

యూనివర్సిటీ గ్రంథాలయం అప్పటికి దీనస్థితిలో ఉంది. 1547లో దాని గదుల్లో ఒకదాన్ని పాఠాలు చెప్పే హాలుగా మార్చేశారు. పుస్తకాలు పోయినవి పోగా కొన్నే మిగిలాయి. 1574లో పెర్న్ పూనుకుని పెద్దవాళ్లను కదిలించాడు. ఆర్చ్‌బిషప్ మాథ్యూ పార్కర్ వంద పుస్తకాలిచ్చాడు. న్యాయమంత్రి లాంటి హోదాలో ఉన్న నికొలస్ బేకన్, ఇద్దరు బిషప్‌లు కూడా ఇచ్చారు. 1577లో మొదటిసారి లైబ్రేరియన్ అనే ఉద్యోగం పుట్టింది. దానిలో చేరిన విలియం జేమ్స్ పీటర్‌హౌస్ మనిషే.

తన సొంత పుస్తకాల్లో ఎక్కువ భాగం వీలునామాలో పీటర్‌హౌస్‌కు రాసిచ్చాడు, వాటిని పెట్టడానికి కొత్త గది కట్టించమని డబ్బు కూడా ఇచ్చాడు. 1590ల్లో ఆ గది లేచింది. ఇప్పటికీ దాన్ని పెర్న్ లైబ్రరీ అనే పిలుస్తారు. మార్కెట్ హిల్‌లో పుస్తకాలు కాలుతుంటే వైస్ ఛాన్సలర్‌గా చూసిన మనిషి, మిగిలిన 32 ఏళ్లూ పుస్తకాలు కొని దాచాడు. ఈ రెంటికీ ముడి ఉందని ఎవరూ రాయలేదు. నాకు మాత్రం ఉందనే అనిపిస్తుంది.

విట్‌గిఫ్ట్‌తో ఆయనకున్న అనుబంధం ఏమిటి?

జాన్ విట్‌గిఫ్ట్ 1555లో పీటర్‌హౌస్‌లో ఫెలోగా చేరిన కుర్రవాడు, మనసులో ప్రొటెస్టెంట్. ఒకసారి జబ్బుపడితే పెర్న్ దగ్గరుండి చూసుకున్నాడు. 1557లో మేరీ మనుషులు విచారణకు వస్తున్నారని తెలిసి విట్‌గిఫ్ట్ దేశం వదిలి పారిపోదామనుకున్నాడు. పెర్న్ ఆపాడు. నీ అభిప్రాయాలు నీ దగ్గరే ఉంచుకో, నోరు విప్పకు, నిన్ను నేను కాపాడతాను అన్నాడు. కాపాడాడు కూడా. బ్యూసర్ శవాన్ని తవ్వించినదీ, కుర్ర ప్రొటెస్టెంట్‌ను రెక్కల కింద దాచినదీ అదే ఏడాది, అదే వైస్ ఛాన్సలర్.

1583లో విట్‌గిఫ్ట్ ఆర్చ్‌బిషప్ ఆఫ్ కాంటర్‌బరీ అయ్యాడు, అంటే ఇంగ్లాండ్ చర్చికి పెద్ద. ముసలితనంలో పెర్న్ లండన్ వెళ్తే లాంబెత్‌లో ఉన్న విట్‌గిఫ్ట్ ఇంట్లోనే దిగేవాడు.

శత్రువులు ఎవరు?

చాలామంది. వాళ్లలో మాటకారి గేబ్రియల్ హార్వీ అనే అధ్యాపకుడు. 1577లో పండితుడు, రాణి మంత్రి సర్ థామస్ స్మిత్ అంత్యక్రియల తర్వాత, ఆయన రాతప్రతులు కొన్ని హార్వీకి దక్కడం మీద మాటా మాటా పెరిగింది. పెర్న్ అతన్ని నక్క అన్నాడు. నేను నక్కపిల్లనైతే అయ్యుండవచ్చు, నక్క అనిపించుకునే వయసు నాకింకా రాలేదు, అందులోనూ తమరి ముందు అన్నాడు హార్వీ. ఆ మాట పెర్న్ చనిపోయాక కూడా హార్వీ మర్చిపోలేదు, అచ్చులో మళ్లీ తిట్టాడు.

ఇంకోవైపు 1588, 1589ల్లో మార్టిన్ మార్‌ప్రెలేట్ అనే మారుపేరుతో రహస్యంగా అచ్చయిన ప్యూరిటన్ కరపత్రాలు బిషప్‌లందరినీ ఉతికి ఆరేశాయి. అందులో పెర్న్‌కు పెట్టిన పేరు 'ముసలి ఆండ్రూ ఫిరాయింపుదారు' అనే అర్థం వచ్చేది. 70 ఏళ్ల వయసులో ఆ పేరు వీధుల్లో అచ్చయి తిరగడం చూశాడు.

ఎలా చనిపోయాడు?

1589 ఏప్రిల్ 26న, లాంబెత్‌లో, విట్‌గిఫ్ట్ ఇంట్లో. దగ్గర్లోని సెయింట్ మేరీస్ చర్చిలో పూడ్చారు. ఆ చర్చి ఇప్పుడు తోటల మ్యూజియం.

ఒక కథ కూడా ప్రచారంలో ఉంది. 17వ శతాబ్దపు చరిత్రకారుడు థామస్ ఫుల్లర్ రాసిందిది. వాన పడుతున్న రోజు రాణి బయటికి వెళ్తానంటే, ఆస్థాన విదూషకుడు ఆపుతూ అన్నాడట: ఆకాశం వద్దంటోంది, దైవస్వరూపుడైన ఈ ఆర్చ్‌బిషప్ విట్‌గిఫ్ట్ కూడా వద్దంటున్నాడు. నేల వద్దంటోంది, మట్టిముద్దనైన నేనూ వద్దంటున్నాను. అటు ఆకాశానికీ ఇటు నేలకూ కాకుండా మధ్యలో వేలాడే డాక్టర్ పెర్న్ కూడా వద్దంటున్నాడు. రాణి నవ్వింది, అందరూ నవ్వారు. పెర్న్ మాత్రం ఆ మాట గుండెల్లో పెట్టుకుని కొద్దిరోజులకే పోయాడని ఫుల్లర్ చెప్పాడు. కథలో నిజమెంతైనా, అందులో నవ్వినవాళ్లందరూ ఆ రాణి దయతో పదవుల్లో ఉన్నవాళ్లేనన్నది గుర్తుంచుకోవాలి.

బైబిల్ అనువాదంలో కూడా ఉన్నాడా?

1568లో వచ్చిన బిషప్స్ బైబిల్‌లో ప్రసంగి, పరమగీతము గ్రంథాల అనువాదం ఆయనదేనని సాధారణంగా చెబుతారు. "ప్రతిదానికి సమయము కలదు" అనే అధ్యాయం ప్రసంగిలోదే.

మన యూనివర్సిటీలకూ ఈ కథకూ ఏమైనా సంబంధం ఉందా?

మాటల సంబంధం ఉంది. 1857లో మద్రాసు యూనివర్సిటీ పుట్టినప్పుడు ఛాన్సలర్, వైస్ ఛాన్సలర్, రిజిస్ట్రార్, సెనేట్, ఫెలో వంటి పేర్లన్నీ ఇంగ్లాండ్ నుంచే వచ్చాయి. ఆ తర్వాత 1918లో ఉస్మానియా, 1926లో ఆంధ్రా యూనివర్సిటీ కూడా వైస్ ఛాన్సలర్ అనే పేరునే వాడాయి. కాన్వొకేషన్ రోజు వెండి దండం పట్టుకుని ఊరేగింపు ముందు నడిచే మనిషిని చూసే ఉంటారు. పెర్న్ ముందు నడిచిన బీడెల్‌కు ఆయన వారసుడే.

కేంబ్రిడ్జ్ వెళ్తే పెర్న్ గుర్తులు ఏం చూడొచ్చు?

గ్రేట్ సెయింట్ మేరీస్‌లో బ్యూసర్ పేరు చెక్కిన పలక. దానికి కొన్ని అడుగుల దూరంలో, మంట పెట్టిన మార్కెట్ హిల్. అక్కడ ఇప్పటికీ కూరగాయలు, పూలు అమ్ముతారు. పీటర్‌హౌస్‌లో పెర్న్ లైబ్రరీ ఉంది, వీధి వైపు గోడ మీద 1633 అని కనిపించేది దాన్ని తర్వాత పొడిగించిన భాగం.

ఆ గోడ ముందే ట్రంపింగ్టన్ స్ట్రీట్‌కు రెండు వైపులా, ఫుట్‌పాత్ అంచున, అడుగున్నర వెడల్పున రాతి కాలువలు ఉంటాయి. కార్ల డ్రైవర్లు చక్రం అందులో దించుకుని తిట్టుకుంటూ ఉంటారు. పెంబ్రోక్ కాలేజీ వైపున్నదాన్ని పెమ్ అని, పీటర్‌హౌస్ వైపున్నదాన్ని పాట్ అని పిలుస్తారు. హాబ్సన్ కాలువ నీళ్లే ఏడాదిలో కొన్ని నెలలు వాటిలో పారుతాయి. పెర్న్ 1574లో బర్లీకి రాసిన ఉత్తరంలోని నీళ్లు అలా ఆయన కాలేజీ గుమ్మం ముందు నుంచే వెళ్తుంటాయి.